ఒంటి జ్ఞాపకం, తట్టు తెచ్చే మతిమరుపు

1846 మార్చి నెలాఖరున కోపెన్‌హాగన్ నుంచి ఒక వడ్రంగి ఫెరో దీవుల్లో ఓడ దిగాడు. కొద్దిరోజులకే అతనికి ఒంటినిండా తట్టు (మీజిల్స్) పోసింది. స్కాట్లాండ్‌కూ ఐస్‌లాండ్‌కూ మధ్య సముద్రంలో ఉన్న ఆ దీవుల జనాభా అప్పట్లో 7,800 దాకా ఉండేది. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్లలో 6,000 మందికి పైగా మంచాన పడ్డారు. పిల్లలూ పెద్దలూ అన్న తేడా లేదు. చేపల వేటకు వెళ్లేవాళ్లు లేక పడవలు ఒడ్డునే ఉండిపోయాయి.

డెన్మార్క్ ప్రభుత్వం ఇద్దరు కుర్ర డాక్టర్లను అక్కడికి పంపింది. వాళ్లలో ఒకడు పీటర్ లుడ్విగ్ పానుమ్, వయసు 25. మందులతో తాను చేయగలిగింది పెద్దగా లేదని అతనికి త్వరగానే అర్థమైంది. అందుకని ఊరూరా తిరిగి ఎవరు ఏ తేదీన ఎవరిని కలిశారు, ఎన్నాళ్లకు తట్టు పోసింది అని రాసుకోవడం మొదలుపెట్టాడు. రోగిని కలిసిన 13, 14 రోజులకు ఒంటిమీద దద్దుర్లు తేలతాయని అలా లెక్క తేల్చాడు. ఆ లెక్క ఈనాటికీ చెల్లుతుంది.

అంతకన్నా విచిత్రమైనది ఇంకొకటి ఉంది. ఆ దీవులకు అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు చిన్నపిల్లలుగా ఉండి, తట్టు పోసి బతికి బయటపడ్డవాళ్లు కొందరు 1846 నాటికి ముసలివాళ్లై ఇంకా ఉన్నారు. ఇంట్లో కొడుకులు, కోడళ్లు, మనవలు వరసగా పడిపోతుంటే వాళ్లు మాత్రం నిక్షేపంలా తిరుగుతున్నారు. 1781లో తట్టు పోసినవాళ్లలో ఒక్కరికి కూడా మళ్లీ రాలేదని పానుమ్ రాశాడు. అదే వయసులో ఉండి, అప్పట్లో తప్పించుకున్న ముసలివాళ్లకు మాత్రం ఇప్పుడు వచ్చింది. మధ్యలో 65 ఏళ్లు గడిచాయి. అన్నేళ్లలో ఆ దీవుల్లో తట్టు జాడే లేదు. మరి ఆ ముసలి ఒళ్లు అంత పాత సంగతిని ఎక్కడ దాచుకున్నట్టు? వైరస్ అన్నదే ఎవరికీ తెలియని కాలం కాబట్టి పానుమ్ దగ్గర దీనికి జవాబు లేదు.

జవాబు కోసం ఇంకా చిన్న గాయం దగ్గరికి వెళ్దాం. అరికాల్లో ముల్లు గుచ్చుకుని, దాన్ని తీయకుండా రెండు రోజులు వదిలేస్తే ఏమవుతుందో పల్లెలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ చోటు ఎర్రబడి వాస్తుంది, రాత్రంతా సలుపుతుంది, చీము పడుతుంది. ఆ తర్వాత గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ముల్లు దిగింది అరికాల్లో. బిళ్ళ కట్టింది అంత పైన గజ్జల్లో. ఎందుకు?

ముల్లుతోపాటు చర్మం దాటి లోపలికి వెళ్లిన బ్యాక్టీరియాను ముందుగా పట్టుకునేవి అక్కడే కాపురముండే మాక్రోఫేజ్ అనే కణాలు. 1882లో ఇలియా మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో కూర్చుని, సముద్రనక్షత్రం పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చి చూశాడు. ఆ జీవి ఒళ్లు గాజులా పారదర్శకం. మర్నాటికల్లా ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన కాల్లో జరిగేదీ అదే. మాక్రోఫేజ్‌లు వదిలే రసాయనాలకు చుట్టుపక్కల సన్నని రక్తనాళాలు వెడల్పై కాస్త కారతాయి. ఎరుపు, వాపు, వేడి వచ్చేది దానివల్లే. ఆ సందుల్లోంచి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు రక్తం వదిలి గాయంలోకి దూకుతాయి. బ్యాక్టీరియాను మింగి, తామూ చచ్చిపోతాయి. చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. రోజుకు సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్ మన ఎముకల మూలుగలో తయారవుతుంటాయి కాబట్టి వాటికి కరువు లేదు.

ఈ మొదటి దశ చాలా వేగంగా నడుస్తుంది, కానీ మోటుగా. వచ్చింది బ్యాక్టీరియానా, ఫంగసా అన్నంతవరకు, వాటి పైపొరల్లో ఉండే ఉమ్మడి గుర్తులను బట్టి పోల్చుకుంటుంది. ఏ జాతి, ఇంతకుముందు వచ్చిందా అన్న విచారణ దానికి లేదు. నూరోసారి వచ్చినా దాదాపు మొదటిసారి లాగే ఎదుర్కొంటుంది.

పేరుపెట్టి గుర్తుపట్టే పని గజ్జల్లో జరుగుతుంది. గాయం దగ్గర డెండ్రిటిక్ కణాలని ఉంటాయి. కొమ్మలు చాచినట్టుండే ఈ కణాలు చచ్చిన బ్యాక్టీరియా ముక్కలను మింగి, వాటిని తమ పైపొరకు తగిలించుకుని, లింఫ్ అనే ద్రవం పారే నాళాల వెంట పైకి బయలుదేరతాయి. కాలి వైపు నుంచి వెళ్లేవాటికి పెద్ద మజిలీ గజ్జల్లోని లింఫ్ గ్రంథులు. ఇలాంటి గ్రంథులు మన ఒంట్లో ఐదారు వందలున్నాయి. మెడ, చంకలు, గజ్జల్లో ఉన్నవి మాత్రం వాస్తే చేతికి తగులుతాయి. ఆ గ్రంథి గుండా టీ కణాలనే తెల్ల రక్తకణాలు ఎప్పుడూ వచ్చిపోతుంటాయి. ఒక్కో టీ కణం గుర్తుపట్టగలిగే ఆకారాలు బహు కొద్ది. మోసుకొచ్చిన ముక్కకు సరిపోయే కణం లక్షకో, పది లక్షలకో ఒకటి ఉంటుంది. అది దొరికేదాకా డెండ్రిటిక్ కణం వచ్చిన ప్రతి టీ కణానికీ తన ముక్కను చూపిస్తూనే ఉంటుంది. దొరికాక ఆ ఒక్క కణం రెండై, నాలుగై, నాలుగైదు రోజుల్లో వేలల్లోకి పెరుగుతుంది. దానితోపాటే, యాంటీబాడీలను (సూక్ష్మజీవిని పట్టుకునే ప్రోటీన్లను) తయారుచేసే బీ కణాల్లో సరిపోయేవీ పెరుగుతాయి. చేతికి తగిలిన బిళ్ళ ఈ సందడే.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఆ సరిపోయే కణం ముల్లు గుచ్చుకున్నాక తయారైంది కాదు, ముందే ఉంది. ఇంతవరకు భూమ్మీద లేని వైరస్ రేపు పుట్టినా, దానికి సరిపోయే కణం మనలో చాలామంది ఒంట్లో ఇప్పటికే తిరుగుతూ ఉంటుంది. మనకున్న జన్యువులు 20 వేల చిల్లర. కోట్లాది రకాల ఆకారాలకు అవెలా సరిపోతాయి? ఈ చిక్కును విప్పి 1987లో నోబెల్ అందుకున్నది సుసుము తొనెగావా. ప్రతి బీ కణమూ పుట్టేటప్పుడు తన జన్యువుల్లోని కొన్ని ముక్కలను పేకముక్కల్లా కలిపి, చేతికొచ్చిన వాటిని అతికించుకుంటుంది. టీ కణాలదీ ఇదే పద్ధతి. ఏ చేయి పడుతుందో ఎవరి ఇష్టమూ కాదు. చాలా కణాలకు వాటి ఆకారం జీవితంలో ఎదురే కాదు. పనికిరాకుండానే పుట్టి పోతాయి. ఈ దుబారాయే మన రక్షణ.

గుడ్డిగా కలిపితే మన సొంత ఒంటినే పట్టుకునే కణాలూ పుడతాయి కదా? పుడతాయి. అందుకే టీ కణాలు రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో పరీక్ష పాసవ్వాలి. సొంత కణాలను గట్టిగా పట్టుకునేవాటిని అక్కడే చంపేస్తారు, అసలేమీ పట్టుకోలేనివాటినీ ఉంచరు. బతికి బయటికొచ్చేవి నూటికి ఐదు కూడా ఉండవు. ఈ వడపోత దాటుకుని వచ్చిన కొన్నిటివల్లే రుమటాయిడ్ కీళ్లవాతం, పిల్లల్లో వచ్చే టైప్ 1 షుగర్ లాంటి జబ్బులు వస్తాయి. కరోనా రోజుల నుంచి ప్రతి కషాయం సీసా మీదా ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని రాస్తున్నారు. దేన్ని బూస్ట్ చేస్తారో మాత్రం ఏ సీసా చెప్పదు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినవాళ్లను అడిగితే, ఎక్కువైన ఇమ్యూనిటీ ఎంత సుఖమో వాళ్లే చెబుతారు.

మళ్లీ గజ్జల్లోకి. అక్కడ పెరుగుతున్న బీ కణాలు తమ యాంటీబాడీ జన్యువులో కావాలనే తప్పులు చేసుకుంటాయి. తప్పువల్ల పట్టు సడలిన కణం చస్తుంది, పట్టు బిగిసిన కణం ఇంకా పెరుగుతుంది. ప్రకృతి వరణం లక్షల ఏళ్ల వ్యవహారమని బళ్లో చదువుకున్నాం. మన గజ్జల్లో అది వారాల్లో అయిపోతుంది. తొందరగా వచ్చే తొలివిడత యాంటీబాడీలు ఐజీఎం, పదునుదేరి వచ్చేవి ముఖ్యంగా ఐజీజీ. డెంగీ అనుమానంతో ల్యాబ్‌కు వెళ్తే రిపోర్టులో కనిపించే రెండు వరసలు ఇవే.

గొడవ సద్దుమణిగాక పెరిగిన కణాల్లో నూటికి తొంభైకి పైగా చచ్చిపోతాయి. మిగిలినవి రెండు రకాలు. ఒకటి, రక్తంలోనూ గ్రంథుల్లోనూ తిరిగే జ్ఞాపక కణాలు. రెండోది, ఎముక మూలుగలో మకాం పెట్టి, ఏళ్ల తరబడి అదే యాంటీబాడీని రక్తంలోకి వదులుతూ ఉండే ప్లాస్మా కణాలు. పానుమ్ చూసిన ముసలివాళ్లను కాపాడింది 1781 నాటి తట్టు మిగిల్చి వెళ్లిన ఈ వారసత్వమే.

అన్ని జ్ఞాపకాలూ ఇంత గట్టివి కావు. అమెరికాలోని ఓరెగాన్ పరిశోధకులు 45 మందిని కొందరినైతే 26 ఏళ్ల దాకా గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. తట్టు యాంటీబాడీల్లో తగ్గుదల దాదాపు లేనే లేదు. టెటనస్‌వి మాత్రం సుమారు 11 ఏళ్లకు సగమయ్యాయి. మేకు గుచ్చుకున్న ప్రతిసారీ డాక్టరు ‘టీటీ ఎప్పుడు వేయించుకున్నావు?’ అని అడిగేది అందుకే. టెటనస్‌తో ఇంకో తిరకాసు కూడా ఉంది. జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు కూడా రక్షణ రాదు. దాని విషం ఎంత ఘాటైనదంటే, మనిషిని చంపగల మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థ గమనించడానికి చాలదు. తగ్గి ఇంటికెళ్లేవాళ్లకూ టీకా వేయాల్సిందే.

అరువు జ్ఞాపకాలూ ఉంటాయి. తల్లి ఐజీజీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో. ఆవు, గేదెల్లో మాయ వాటిని దాటనివ్వదు. దూడ వట్టి చేతులతో పుడుతుంది. దానికి కావలసిన యాంటీబాడీలన్నీ ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలల్లోనే ఉంటాయి, దూడ పేగు వాటిని మొత్తంగా పీల్చుకోగలిగేది మొదటి రోజే. ఆ పాలు వేడి చేస్తే తోడు లేకుండానే గడ్డకట్టి జున్నవుతాయి. అలా గడ్డకట్టే ప్రోటీన్లలో పెద్ద వాటా యాంటీబాడీలదే. బెల్లం, మిరియాలు వేసుకుని మనం తినేది దూడ వాటాను. దాని కడుపు నిండాకే తిన్నారని అనుకుందాం.

జ్ఞాపకం ఎదురుతిరిగే సందర్భమూ ఉంది. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గాక ఇంకో రకం వస్తే, పాత యాంటీబాడీలు దాన్ని అరకొరగా పట్టుకుని, చంపకపోగా ఒక్కోసారి కణాల్లోకి తామే చేరవేస్తాయి. రెండోసారి డెంగీకి డాక్టర్లు ఎక్కువ టెన్షన్ పడేది ఇందుకే.

అయితే జ్ఞాపకాన్నే తుడిచిపెట్టే జబ్బు ఒకటుంది. అది మళ్లీ ఆ తట్టే.

1908లో వియన్నా పిల్లల డాక్టర్ క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఒక వింత గమనించాడు. క్షయ సోకిన పిల్లల చర్మం మీద ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేస్తే ఆ చోట ఎర్రగా పొంగాలి. అదే పిల్లలకు తట్టు పోసిన రోజుల్లో పొంగడం లేదు. తెలిసిన శత్రువును ఒళ్లు మర్చిపోయినట్టుంది. కారణం తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది. తట్టు వైరస్ కణంలోకి దూరడానికి ఎస్‌ఎల్‌ఏఎం అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 2000లో జపాన్ పరిశోధకులు కనిపెట్టారు. ఆ ప్రోటీన్ దండిగా ఉండేది రోగనిరోధక కణాల మీదే, అందులోనూ జ్ఞాపక కణాల మీద. వైరస్ వాటిలో కాపురం పెడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి మన టీ కణాలు సోకిన కణాలన్నిటినీ చంపేస్తాయి. తట్టు పోతుంది, దానితోపాటు పాత జ్ఞాపకాల్లో కొన్నీ పోతాయి. రక్తపరీక్షలో తెల్లకణాల లెక్క కొన్ని వారాల్లో మామూలైపోతుంది గనక పైకి ఏమీ తెలియదు. కొత్తగా నిండినవాటిలో తట్టును గుర్తుపట్టేవే ఎక్కువ.

నష్టం ఎంతో 2019లో కొలిచారు. నెదర్లాండ్స్‌లో టీకా వేయించని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందు, తర్వాత పరీక్షించారు. అంతకుముందు రకరకాల జబ్బుల మీద సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. తట్టు తగ్గిన పిల్లాడు ఆ తర్వాత నెలల తరబడి దగ్గో, విరేచనాలో, చెవిలో చీమో ఏదో ఒకదానితో తీసుకుంటూ ఉండటం వెనక ఉన్నది ఇదే. తట్టు మరణాల్లో ఎక్కువ భాగం న్యుమోనియా, విరేచనాల లెక్కలోనివి. ఇంగ్లండ్, అమెరికా, డెన్మార్క్‌ల పాత లెక్కలు తిరగేసిన పరిశోధకులు 2015లో, ఈ ప్రభావం రెండు మూడేళ్లు ఉంటుందని తేల్చారు. టీకా వచ్చాక అక్కడ వేరే అంటురోగాలతో పిల్లలు చనిపోవడం కూడా ఎందుకు తగ్గిందో అప్పుడు అర్థమైంది.

టీకాలోనూ ఉండేది బతికున్న తట్టు వైరసే, బలం తగ్గించింది. 2019 పరిశోధనలో టీకా వేసిన పిల్లల్ని కూడా చూశారు. వాళ్ల పాత యాంటీబాడీలు చెక్కుచెదరలేదు. మన దగ్గర దీన్ని రుబెల్లాతో కలిపి ఎంఆర్ పేరుతో ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2017 ఆగస్టులో తొమ్మిది నెలలు నిండిన పదిహేనేళ్లలోపు పిల్లలకు వేసింది అదే. మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక. అంతకన్నా ముందు వేస్తే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను పనిచేయనివ్వవు. ఆ వయసులో వేసినా నూటికి 85 మందికే పట్టుబడుతుంది. కాబట్టి 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో డోసు, చాలామంది అనుకున్నట్టు మొదటిదాన్ని గట్టిపరచడానికి కాదు, మిగిలిపోయిన ఆ పదిహేను మంది కోసం. తమ బిడ్డ ఆ 85లో ఉన్నాడో, 15లో ఉన్నాడో చెప్పే గుర్తేదీ పైకి కనిపించదు కాబట్టి అందరికీ రెండూ వేస్తారు.