పాత కారు ఇంజిన్‌కు క్రోమ్ మెరుపులు: అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం మళ్లీ ఒక గోనె సంచి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్లు, పద్మినీలు బాగుచేసే షెడ్డు నాది. నెలకు ఒకటైనా ఇలాంటి సంచి దిగుతుంది. నేలమీద గుమ్మరిస్తే ట్యాపెట్ కవరు (ఇంజిన్ పైమూత), ఎయిర్ క్లీనర్ మూత, డిప్ స్టిక్, రేడియేటర్ ఫ్యాను, రెండు గుప్పిళ్ల బోల్టులు, వాటి మధ్యన చిటికెన వేలంత స్ప్రింగు ఒకటి. "అన్నా, అన్నిటికీ క్రోమ్ వేయించేద్దాం. తుప్పు పట్టదు, గట్టిపడతాయి కూడా" అన్నాడు తెచ్చిన అబ్బాయి. వాళ్ల తాతగారి కారట. బానెట్ ఎత్తగానే మన మొహం కనిపించేలా మెరిసే ఇంజినంటే నాకూ ఇష్టమే. కానీ ఆ "గట్టిపడతాయి" అన్న మాట వింటే నాకు గుండె గుభేలుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: క్రోమ్ వేస్తే బోల్టులు, స్ప్రింగులు గట్టిపడతాయి

పచ్చి అబద్ధం. గట్టి స్టీలుతో చేసిన వస్తువైతే పెళుసెక్కే ప్రమాదం ఉంది.

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో తెలుసు. షాక్ అబ్సార్బర్ రాడ్లకు, హైడ్రాలిక్ రాడ్లకు వేసే హార్డ్ క్రోమ్ నిజంగానే అరుగుదలను తట్టుకుంటుంది. అది మందంగా వేసే వేరే పని. మెరుపు కోసం వేసే క్రోమ్ పొర మామూలుగా అర మైక్రాన్ కూడా ఉండదు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంత పల్చటి పొర బోల్టుకు ఏం బలాన్నిస్తుంది?

ప్లేటింగ్‌కు, అంటే లోహపు పూతకు, ముందు తుప్పు వదలడానికి వస్తువును యాసిడ్‌లో ముంచుతారు. తర్వాత క్రోమ్ తొట్టిలో పెట్టి కరెంటు పంపుతారు. ఆ కరెంటులో క్రోమ్ పూయడానికి పనికొచ్చేది మహా అయితే ఐదో వంతు. మిగతాది ఎక్కువగా హైడ్రోజన్ పుట్టించడానికే పోతుంది. ఆ హైడ్రోజన్‌లో చాలా భాగం బుడగలై తేలిపోతుంది, కొంత మాత్రం స్టీలు లోపలికి ఇంకి గట్టి స్టీలును పెళుసెక్కిస్తుంది. ట్యాపెట్ కవరు, ఎయిర్ క్లీనర్ మూత లాంటి మెత్తని రేకుకు దానివల్ల ఏమీ కాదు. స్ప్రింగులు, హెడ్ స్టడ్లు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు, నెత్తిన బలాన్ని చెప్పే అంకె 10.9 అనో 12.9 అనో ఉన్న బోల్టులు, వీటిలోకి చేరితేనే ముప్పు. బిగించేటప్పుడు చేతికి ఏ తేడా తెలియదు. బిగింపులో ఉండగా లోపల సన్నని పగులు మొదలై, గంటల తర్వాతో, రోజుల తర్వాతో, ఒక్కోసారి బండి కదలకుండా నిలబడి ఉండగానే టక్కున విరుగుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 2006లో ఒక అంబాసిడర్‌కు నా చేత్తో నేనే చేశాను. కార్బురేటర్ దగ్గర యాక్సిలరేటర్‌ను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగు బానెట్ ఎత్తగానే కంటికి కనిపిస్తుంది. పక్కనున్నవన్నీ మెరుస్తుంటే అదొక్కటే నల్లగా ఉందని దాన్నీ ప్లేటింగుకు పంపాను. బిగించిన మూడో రోజు ఆ ఓనరు ఇంటిల్లిపాదితో గుంటూరు బయలుదేరారు. మంగళగిరి దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేద్దామని పెడల్ గట్టిగా తొక్కారు. కాలు తీశారు, ఇంజిన్ మోత తగ్గలేదు. బండి అలాగే దూసుకుపోతోంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ఆయన కంగారుపడకుండా క్లచ్ తొక్కి, తాళం తిప్పి ఇంజిన్ ఆపేసి, బ్రేకు మీద బండిని మెల్లగా పక్కకు తీసి నిలిపారు. నేను మెకానిక్‌ను తీసుకుని వెళ్లేసరికి అందరూ చెట్టు కింద కూర్చుని ఉన్నారు. స్ప్రింగు రెండు ముక్కలుగా ఎయిర్ క్లీనర్ పక్కన పడి ఉంది. విరిగిన చోట సాగిన గుర్తే లేదు, గాజుముక్క విరిగినట్టు బూడిద రంగులో గరుకుగా ఉంది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రెండు ముక్కలూ నా బల్ల సొరుగులో ఇప్పటికీ ఉన్నాయి. గోనె సంచితో ఎవరొచ్చినా ముందు అవి తీసి చేతిలో పెడతాను.

దీనికి విరుగుడు ఉంది. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు వస్తువును సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి ఉంచితే హైడ్రోజన్ చాలావరకు బయటికి పోతుంది. మీ ప్లేటింగ్ షాపులో ఆ ఓవెన్ ఉందేమో అడిగి చూడండి. నేను పని ఇచ్చిన చోట్ల లేదు. ఉందన్నా సరే, రిటర్న్ స్ప్రింగు, హెడ్ స్టడ్లు, ఫ్యాను రెక్కలు మాత్రం నేను పంపను. ఫ్యాను తిరుగుతూ అదురుతూ ఉంటుంది, క్రోమ్ పొరలోని సన్నని పగుళ్ల నుంచి రెక్క చీలడం మొదలైతే రేడియేటర్‌ను చీల్చుకుని పోతుంది.

మెరిసే బోల్టులే కావాలంటే, బరువు పడని చోట స్టెయిన్‌లెస్ వాడండి. అది కూడా అన్నిచోట్లా పనికిరాదు. బజారులో ఎక్కువగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు, మామూలు 8.8 బోల్టు కంటే బలంలో తక్కువ. ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కు, ఇంజిన్ మౌంటింగులకు అది పెట్టి నిశ్చింతగా ఉండకండి. అల్యూమినియంలో బిగించేటప్పుడు యాంటీ సీజ్ గ్రీజు రాయకపోతే పట్టేసుకుని, తీసేటప్పుడు మరతో సహా ఊడివస్తుంది.

అపోహ: క్రోమ్ ఉంటే తుప్పు రాదు

తుప్పును ఆపేది క్రోమ్ కింద వేసే నికెల్ పొర. క్రోమ్ ఆ నికెల్ మసకబారకుండా చూస్తుంది, అంతే. నికెల్ పల్చగా వేసి పైన క్రోమ్ కొట్టిస్తే షాపులో చూడటానికి అద్దంలా ఉంటుంది, మచిలీపట్నం, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఒక్క వానాకాలానికే చుక్కలు చుక్కలుగా ఎర్రబడుతుంది. "క్రోమ్ ఎంత?" అని కాకుండా "నికెల్ కింద కాపర్ వేస్తున్నారా, నికెల్ ఎన్ని మైక్రాన్లు?" అని అడగండి. ఎర్రచుక్కలు అప్పుడే మొదలైతే అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి, చాలావరకు పోతాయి.

అపోహ: క్రోమ్ ట్యాపెట్ కవరు వేస్తే ఆయిల్ లీకవుతుంది

లీకు వస్తుంది, నిజమే. తప్పు క్రోమ్‌ది కాదు. అంబాసిడర్‌లోని పాత బీఎంసీ (బ్రిటిష్ కంపెనీ) ఇంజిన్‌కు ఆ రేకు కవరును పట్టి ఉంచేవి పైనున్న రెండే నట్లు. లీకు ఆగలేదని వాటినే ఇంకా బిగిస్తే రేకు మధ్యలో దిగి అంచులు లేస్తాయి. కవరును చదునైన అద్దం మీద బోర్లించి చుట్టూ చూడండి. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ చెక్కసుత్తితో సరిచేసి, కొత్త కార్క్ ప్యాకింగ్ వేసి, నట్ల కింద రబ్బర్లు మార్చి, చేతికి ఆనేంత బిగిస్తే చాలు.

అసలు చూడాల్సింది కవరు లోపల. ఒకసారి ప్లేటింగ్ నుంచి వచ్చిన కవరును తిరగేసి, ఇంజిన్ గాలి వదిలే బ్రీదర్ గొట్టం కింది రేకు సందులో సన్న తీగ పెట్టి లాగాను. లోహాన్ని నునుపు చేసే బఫింగ్ చక్రానికి రాసే మైనం గోధుమరంగు ఉండలుగా బయటికొచ్చింది. వేళ్ల మధ్య నలిపితే సన్న ఇసుకలా గరగరలాడింది. అది వేడి ఆయిల్‌లో కరిగి దిగితే క్యామ్ షాఫ్ట్, బేరింగులు అరిగిపోతాయి. పైకి మెరుపు తెచ్చుకోబోయి లోపల ఇంజిన్ పోగొట్టుకున్నట్టే. కిరసనాయిల్‌లో రాత్రంతా నానబెట్టి, వేడి సబ్బునీళ్లతో కడిగి, గాలి కొట్టి, తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా బిగించకండి.

ఇక మిగతావి. మెరిసే భాగాలు ఇంజిన్‌ను చల్లగా ఉంచుతాయని అంటారు, మెరిసే లోహం వేడిని తక్కువే వెదజల్లుతుంది. అయినా ఆ తేడా లెక్కలోకి రాదు, చల్లబరిచేది రేడియేటరే. దానికి మాత్రం నల్లరంగు పల్చగా వేస్తే సరిపోతుంది. పోత ఇనుము ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు క్రోమ్ వేయిస్తే వేడికి పసుపు, నీలం తిరుగుతుంది, డబ్బు దండగ. కార్బురేటర్ జింక్ మిశ్రమం, యాసిడ్‌లో ముంచితే అంతే సంగతులు, బఫింగ్ చేస్తే సన్న దారుల్లో మైనం ఇరుక్కుంటుంది. బ్రష్‌తో శుభ్రం చేసి వదిలేయండి. డీజిల్ కొట్టి కడిగితే ఆ రోజు నిగనిగలాడుతుంది, తర్వాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, దుమ్ము పేరుకుంటుంది, పైగా వేడి మానిఫోల్డ్ పక్కన డీజిల్ తడి ఎవరికి కావాలి?

కిందటి నెల ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. తండ్రిగారి 1976 మార్క్ 3 అంబాసిడర్. ఇంజిన్ మెరిపిస్తే ఆర్‌సీ రద్దు చేస్తారని ఎవరో ఫోన్‌లో పంపారట, రెండు రాత్రులు నిద్రపట్టలేదన్నారు. "మాస్టారూ, టెన్షన్ పడకండి, మూత మెరిసినంత మాత్రాన ఎవరూ రద్దు చేయరు" అన్నాను. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది. అప్పుడు వాళ్లు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు. ఆ నంబర్ల మీద బఫింగ్ చక్రం పెడితేనే కష్టాలు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్ కూడా యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటుంది, ఇంజిన్‌లో, బాడీలో పెద్ద మార్పులు చేయకూడదంటుంది. అందుకని తీసిన పాత భాగాలేవీ పారేయొద్దని చెప్పాను. ఆయన ముందే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింట్ తీసి ఇచ్చాను, దాని మీద టేపు అంటించాను, ఆ తర్వాతే బఫింగ్ కుర్రాణ్ని పిలిచాను.