సీజనల్ హెల్పర్ పని, యూనియన్ కాంట్రాక్ట్: అపోహలు - వాస్తవాలు

నవంబర్ వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. క్రిస్మస్ రద్దీలో డెలివరీ డ్రైవర్‌తో ట్రక్‌లో తిరిగి ప్యాకేజీలు అందించే రెండు నెలల పని ఉంటుంది, అదే హెల్పర్ పని. "అన్నా, హెల్పర్ పని ఉందంట, చేరొచ్చా", "యూనియన్ వాళ్ళు మొదటి చెక్కులోనే డబ్బులు కోసేస్తారంట కదా", ఇలా. నేను డాలస్ దగ్గర యూపీఎస్ అనే ప్యాకేజీ డెలివరీ కంపెనీలో డ్రైవర్‌ని, అక్కడి ఉద్యోగుల టీమ్‌స్టర్స్ యూనియన్‌కి స్టీవర్డ్‌ని కూడా, అంటే పనిచోట యూనియన్ తరఫున మాట్లాడే మనిషిని. ఏటా అవే ప్రశ్నలు, అవే వాట్సాప్ ఫార్వర్డులు, అందుకే ఒకసారి కూర్చుని రాస్తున్నా. ఇదంతా యూపీఎస్‌కీ టీమ్‌స్టర్స్‌కీ మధ్య 2023 ఆగస్టు 1 నుంచి 2028 జూలై 31 దాకా ఉన్న కాంట్రాక్ట్ సంగతి.

అపోహ: "సీజనల్ వాళ్ళకి కాంట్రాక్ట్ వర్తించదు, ఇచ్చింది తీసుకుని వచ్చేయాలి"

మనవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. మీరు చేసే పని యూనియన్ పరిధిలోది అయితే, యూనియన్ కార్డు మీద సంతకం పెట్టినా పెట్టకపోయినా కాంట్రాక్ట్ మీకూ ఉంటుంది. అన్నీ రావు, నిజమే. హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, సీనియారిటీ రాదు, ప్రొబేషన్‌లో, అంటే మొదట్లో పనితీరు చూసే రోజుల్లో, తీసేస్తే గ్రీవెన్స్ (యూనియన్ ద్వారా వేసే ఫిర్యాదు) వేసినా చాలాసార్లు నిలబడదు. కానీ చేసిన గంటల డబ్బు వేరే విషయం. కాంట్రాక్ట్‌లో ఆర్టికల్ 17 చాలా సూటిగా ఉంటుంది, కంపెనీ పని మీద గడిపిన టైమ్ మొత్తానికి జీతం ఇవ్వాలని. అందులో సీజనల్ వాళ్ళు తప్ప అని ఎక్కడా లేదు.

పోయినేడు ఒక బాబాయిగారు, గ్రీన్ కార్డు మీద కొడుకు దగ్గరికి వచ్చినాయన, హెల్పర్‌గా చేరారు. హెల్పర్లు యూపీఎస్ బిల్డింగ్‌కి రారు కదా, రూట్‌లో ఎక్కడో ఒకచోట నిలబడితే డ్రైవర్ వచ్చి ఎక్కించుకుంటాడు. ఈయన్ని గ్యాస్ స్టేషన్ దగ్గరికి 10 గంటలకి రమ్మనేవారు, సీజన్ రద్దీలో ట్రక్ ఆలస్యమై 10:40కి వచ్చేది. ఎవరో గ్రూప్‌లో "ట్రక్ ఎక్కినప్పటి నుంచే టైమ్ లెక్క" అని రాస్తే అది నమ్మేసి, మీరు వచ్చిన టైమే వేయండి అని డ్రైవర్‌కి ఈయనే చెప్పారట. చలిలో చేతులు జేబుల్లో పెట్టుకుని రోజుకి అరగంట, నలభై నిమిషాలు ఊరికే ఇచ్చేశారు. నాకు తెలిసేసరికి మూడు వారాలైంది. "ఎందుకు బాబూ రెండు నెలల పనికి గొడవ, ఉన్నది కూడా తీసేస్తారేమో" అన్నారు. గొడవ కాదు బాబాయ్, లెక్క అన్నాను. అదృష్టం ఏంటంటే ఆయన ఊళ్ళో పాల లెక్క రాసే అలవాటుతో, ఇక్కడా చిన్న నోట్‌బుక్‌లో తారీఖు, తను వచ్చిన టైమ్, ట్రక్ వచ్చిన టైమ్, దిగిన టైమ్ వరసగా రాసుకున్నారు. అది పట్టుకుని సూపర్‌వైజర్‌తో మాట్లాడాం, తర్వాతి చెక్కులో సరిచేశారు. ఆ నోట్‌బుక్ లేకపోతే నేనైనా ఏం చూపించి అడగాలి?

నాకు ఇది ఇంత పట్టింపు ఎందుకంటే నేనూ పోగొట్టుకున్నా. అమెరికా వచ్చిన కొత్తలో యూనియన్ లేని వేరే చోట వ్యాన్ మీద చేశా, పొద్దున లోడ్ కోసం గంటసేపు నిలబెట్టేవాళ్ళు, ఆ గంట చెక్కులో ఉండేది కాదు. అడిగితే తీసేస్తారని భయం, ఎక్కడా రాసుకోలేదు, పోయిన డబ్బు పోయింది. అందుకే భయపడేవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు, భయపెట్టే ఫార్వర్డులు పంపేవాళ్ళ మీదే వస్తుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, గ్రీవెన్స్‌కి గడువు రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు, మీ ఏరియా సప్లిమెంట్‌ని (కాంట్రాక్ట్‌కి ఏరియావారీగా ఉండే అనుబంధం) బట్టి మారుతుంది. జనవరిలో అడుగుదాంలే అనుకోవద్దు. గడువు దాటిపోయినా, ఓవర్‌టైమ్ లేదా కనీస వేతనం ఎగ్గొట్టిన సంగతైతే ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్‌లో జీతాల ఫిర్యాదులు చూసే వేజ్ అండ్ అవర్ వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు, అక్కడ మామూలుగా రెండేళ్ళ దాకా టైమ్ ఉంటుంది.

అపోహ: "రెండు నెలలు చేస్తే పర్మనెంట్, ఆపైన ఏడాదికి 1,70,000 డాలర్లు"

ఆ అంకె 2023లో కంపెనీ సీఈఓ చెప్పిందే, కానీ అది కాంట్రాక్ట్ చివరికి వచ్చేసరికి ఫుల్‌టైమ్ డ్రైవర్ సగటు, అందులో హెల్త్, పెన్షన్ అన్నీ కలిపి. హెల్పర్‌కీ దానికీ సంబంధం లేదు. సీజన్‌లో చేసిన రోజులు చాలా సప్లిమెంట్లలో సీనియారిటీలోకి రావు, తర్వాత తీసుకుంటే మళ్ళీ మొదటి నుంచి మొదలు. డ్రైవర్ పోస్టులు ఎక్కువగా బిల్డింగ్ లోపల పనిచేసే పార్ట్‌టైమర్లకి సీనియారిటీ ప్రకారం వెళ్తాయి, డ్రైవర్ అయ్యాక కూడా టాప్ రేటుకి నాలుగేళ్ళు. పైగా 2025 జనవరిలో, అమెజాన్ ప్యాకేజీలు 2026 రెండో సగానికల్లా సగానికి పైగా తగ్గిస్తామని యూపీఎస్ చెప్పింది, కాబట్టి ఆ ఆశతో చేతిలో ఉన్న ఉద్యోగం వదలకండి.

అపోహ: "యూనియన్ ఫీజు కట్టకపోతే పని పోతుంది"

టెక్సస్‌లో కాదు, ఇది రైట్ టు వర్క్ స్టేట్, చేరడం మీ ఇష్టం. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలో రూల్ వేరు, అక్కడి లోకల్‌ని (యూనియన్ స్థానిక శాఖ) అడగండి.

అపోహ: "అన్ని డెలివరీ కంపెనీల్లో ఒకటే రూల్"

కాదు. ఫెడెక్స్ గ్రౌండ్ డ్రైవర్లు కాంట్రాక్టర్ల కింద పనిచేస్తారు, అమెజాన్ వ్యాన్లు కూడా చాలావరకు అంతే. నేను చెప్పిన కాంట్రాక్ట్ అక్కడ చూపిస్తే ఉపయోగం లేదు.

అపోహ: "స్టూడెంట్స్ కూడా సీజన్‌లో చేసుకోవచ్చు, ఎవరూ చూడరు"

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వద్దు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ పని కుదరదు, ఓపీటీ అనే పని అనుమతి ఉన్నా అది మీ చదువుకి సంబంధించిన పనికే. ఇంట్లో అప్పు చేసి పంపారని, రూమ్ రెంట్ కష్టంగా ఉందని తెలుసు, కానీ పనిలో చేరేటప్పుడు నింపే ఐ9 ఫారంలో సిటిజన్ అని టిక్ పెడితే అది జన్మలో వదలదు, యూనియన్ ఏమీ చేయలేదు. హెచ్4 డిపెండెంట్ వీసా వాళ్ళు ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉంటేనే చేయాలి.

ఇంకా, దెబ్బ తగిలితే అదే రోజు చెప్పండి, రేపటికి తగ్గుతుందిలే అనుకోకండి. విచారణ అని ఆఫీసులోకి పిలిస్తే స్టీవర్డ్ కావాలని నోరు తెరిచి అడగండి, 1975 సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన హక్కు అది, అడక్కపోతే ఎవరూ పిలవరు. స్టీవర్డ్ల పేర్లు బిల్డింగ్ లోపల యూనియన్ బోర్డు మీద ఉంటాయి, హెల్పర్లు ఆ బోర్డు చూసే అవకాశమే తక్కువ. అందుకని మొదటి రోజు ట్రక్ ఎక్కగానే మీ డ్రైవర్‌నే అడగండి, మన స్టీవర్డ్ ఎవరు, నంబర్ ఏంటని. ఆ నంబర్ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.