పసుపు ఎర్రబడి మళ్లీ పసుపైతే అది ఏ మార్పు?

హన్మకొండ నుంచి ఏడో తరగతి అమ్మాయి ఒకరు అడిగారు: "పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా అయింది. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగే వచ్చింది. తిరిగొచ్చేది భౌతిక మార్పు అన్నారు కదా, మరి ఇది భౌతిక మార్పేనా?"

కాదు, రసాయన మార్పే. అమ్మాయి ఆలోచన సరిగానే ఉంది, మనం బట్టీ పట్టించిన గుర్తులోనే లోపం ఉంది. "తిరిగొస్తే భౌతికం, రాకపోతే రసాయనికం" అని చెప్పేస్తే బిట్ పేపర్ దిద్దడం సులువు, అంతే. పగిలిన గాజు మళ్లీ అతుక్కోదు, అయినా ముక్కముక్కా గాజే. బైకు బ్యాటరీలో సీసం, సీసం డైఆక్సైడ్ రెండూ సీసం సల్ఫేట్‌గా మారతాయి, ఛార్జింగ్ పెడితే వెనక్కి వస్తాయి. అడగాల్సింది ఒక్కటే: కొత్త పదార్థం పుట్టిందా లేదా?

మంచు కరగడం, ఇనుము తుప్పు పట్టడం ప్రతి గైడులోనూ ఉన్నాయి, వాటిని వదిలేద్దాం. పసుపుకు మన దగ్గర కొదవ లేదు. నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి వైపు ఎటు చూసినా పసుపు చేలే. జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది.

పసుపుకు ఆ రంగునిచ్చేది కుర్కుమిన్. దాని అణువులో 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. రెండు చివర్లా రెండు వలయాలు, మధ్యలో ఏక బంధం, ద్విబంధం మార్చి మార్చి వచ్చే గొలుసు. ఈ గొలుసులో ఎలక్ట్రాన్లు ఒక్కచోట ఉండవు, పొడవునా పరుచుకుని ఉంటాయి. అవి దాదాపు 425 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఊదా-నీలం కాంతిని పీల్చుకుంటాయి. మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది.

ఇక సున్నం సంగతి. సున్నపు తేట గట్టి క్షారం, దాని పీహెచ్ (ఆమ్లమా క్షారమా, ఎంత గట్టిదో చెప్పే కొలత, 7 మధ్యస్థం) 12 దాటుతుంది. వలయాల మీదున్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంట నుంచి అది హైడ్రోజన్ అయాన్‌ను, అంటే ధనావేశమున్న హైడ్రోజన్‌ను, లాగేసుకుంటుంది. ఒంటరిగా మిగిలిన ఆక్సిజన్ మీద రుణావేశం పేరుకుని, ఎలక్ట్రాన్లను గొలుసులోకి నెడుతుంది. ఎలక్ట్రాన్లకు తిరిగే చోటు పెరిగేసరికి, తంబూర తీగ పొడవైతే శృతి దిగినట్టు, పీల్చుకునే కాంతి శక్తి కూడా దిగుతుంది. ఇప్పుడు ఆకుపచ్చ వైపు కాంతి పోతుంది, మనకు ఎరుపు మిగులుతుంది. నిమ్మరసం పోస్తే ఆ హైడ్రోజన్ అయాన్ తిరిగొచ్చి తన చోట కూర్చుంటుంది. సబ్బు తగిలిన కూర మరక ఎర్రబడి, నీళ్లతో జాడిస్తే పసుపుకు రావడం కూడా ఇదే.

రంగొక్కటే చాలదనేవారికి ఇంకో రుజువు ఉంది. కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, అందుకే గ్లాసు అడుగున పసుపు పేరుకుంటుంది. ఎర్రబడిన రూపం అయాన్ కాబట్టి నీళ్లలో కరుగుతుంది. రంగుతో పాటు కరిగే గుణం కూడా మారిందంటే అది పాత పదార్థం కాదు.

పెళ్లిలో దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. చూడ్డానికి బాగుంటాయి, నాకేం అభ్యంతరం లేదు. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు తేటతో తడిసిన చెయ్యి అద్ది, "దయ్యం చెయ్యి" అంటూ డబ్బు గుంజేవాళ్లతోనే తంటా. నిమ్మకాయ కోస్తే రక్తం కారే గారడీకి మాత్రం పసుపు పనికిరాదు, నిమ్మరసం ఆమ్లం కదా. అక్కడ కత్తికి ముందే మందార పూలు రుద్ది ఉంచుతారు.

అమ్మాయీ, ఎర్రనీళ్లను రాత్రంతా ఉంచి తెల్లారి నిమ్మరసం పోసి చూడు. మొదటంత చక్కటి పసుపు రాదు. క్షారంలో కుర్కుమిన్ నిలవదు, అణువే విరిగిపోతుంది. పీహెచ్ 7.2 దగ్గర, శరీరమంత వేడిలోనే అరగంటలో 90 శాతం దాకా పాడవుతుందని ప్రయోగాల్లో తేలింది. విరిగిన ముక్కల్లో ఒకటి వనిలిన్, ఐస్‌క్రీముల్లో వాసనకు వేసేదే. అంటే ఒకే గ్లాసులో రెండు రసాయన మార్పులు: మొదటిది వెనక్కి వస్తుంది, రెండోది రాదు. ఉతికిన చొక్కా మీద మిగిలిన మరక ఎండకు వెలిసిపోవడం కూడా రెండో జాతిదే, అక్కడ విరగ్గొట్టేది కాంతి.

మరి ఇంట్లో చేసే కుంకుమలో నిమ్మరసమే పోస్తారు కదా, అది ఎర్రగా ఎలా ఉంటుంది? కిటుకు అందులో కలిపే వెలిగారంలో (బోరాక్స్) ఉంది. వెలిగారంలో బోరాన్ ఉంటుంది. ఆమ్లం సమక్షంలో, తడి ఆరుతున్నకొద్దీ, ఒక్కో బోరాన్ రెండేసి కుర్కుమిన్ అణువులను పట్టుకుని రోజోసయనిన్ అనే ఎర్రటి సమ్మేళనంగా మారుతుంది. అందుకే ఆరబెట్టడం తప్పనిసరి, అదీ నీడలో. ఈ ఎరుపు నిమ్మరసానికి లొంగదు. దాని మీద అమోనియా చుక్క పడితే నల్లటి ఆకుపచ్చకు తిరుగుతుంది. నీళ్లలో, నేలలో బోరాన్ ఎంతుందో కొలవడానికి ప్రయోగశాలల్లో కుర్కుమిన్ వాడేది ఈ గుణం వల్లే.