స్విచ్ ఆర్పినా ఆ పేజీలే ఎందుకొస్తున్నాయి?

చిరంజీవులు ల్యాబ్ పిల్లలకు,

ప్రింటర్ స్విచ్ ఆర్పి మళ్ళీ వేసినా, వద్దనుకున్న పేజీలే మళ్ళీ పడుతున్నాయని అడిగారు. పడక ఏమవుతాయి? మీరు ప్రింట్ కొట్టగానే ఫైలు నేరుగా ప్రింటర్‌లోకి పోదు. కంప్యూటర్ దాని నకలొకటి తన డిస్కులో దాచి, వంతు వచ్చాక పంపుతుంది. మీ ల్యాబ్‌లో ఉన్న ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ చోటు వార్ అనే ఫోల్డర్‌లో, స్పూల్ లోపల, కప్స్ అనే ఫోల్డర్. ఒక్కో జాబుకు, అంటే ప్రింట్‌కి పంపిన ఒక్కో పనికి, అక్కడ సీ అక్షరంతో మొదలయ్యే ఫైలొకటి, డీతో మొదలయ్యేది ఒకటి ఉంటాయి. మొదటిదాంట్లో ఎవరు పంపారు, ఎన్ని కాపీలు అన్న వివరాలు. రెండోదాంట్లో అసలు సరుకు. ప్రింటర్‌ని పదిసార్లు ఆర్పినా ఆ ఫైళ్ళకు ఏమీ కాదు. క్యూ ఉన్నది కంప్యూటర్లో, కాబట్టి దాన్ని సరిచేయాల్సింది కూడా అక్కడే.

ఈ క్యూని నడిపే ప్రోగ్రామ్ పేరు కప్స్. మైఖేల్ స్వీట్ అనే ఆయన 1997లో మొదలుపెట్టారు. 2002 నుంచి ఆపిల్ వాళ్ళ మ్యాక్‌లోనూ ఇదే ఉంది కాబట్టి, ఇక్కడ నేర్చుకున్న కమాండ్లు చాలావరకు అక్కడా పనికొస్తాయి. కమాండ్లను నేను పలికినట్టు రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాలతో కొట్టాలి. కమాండ్ పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు, హైఫన్‌కూ దాని అక్షరానికీ మధ్యా ఉండకూడదు; పేరుకూ దాని వెనక వచ్చేవాటికీ నడుమ మాత్రం ఒక్కో ఖాళీ ఉండాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

ముందు క్యూ చూడండి. టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరిచి ఎల్‌పీస్టాట్, ఖాళీ, హైఫన్ ఓ. జాబుకొక వరుస వస్తుంది: ల్యాబ్-42 (ల్యాబ్ అన్నది ప్రింటర్ పేరు, 42 జాబు నంబరు), పంపినవాళ్ళ లాగిన్ పేరు, బైట్ల లెక్క, తేదీ, సమయం. ఇందులో అందరూ వదిలేసేది బైట్ల లెక్క. అక్కడ 41943040 అని కనిపిస్తే 40 ఎంబీ అన్నమాట, ఎవరో ఫోన్‌తో తీసిన ఫొటోలను పీడీఎఫ్ చేసి పంపి ఉంటారు. వెనకున్న చిన్న ఫైళ్ళన్నీ దానికోసం కాచుకుని ఉంటాయి. ప్రింటర్ పాడైందని బాదే ముందు ఆ అంకె చూడండి.

తర్వాత ఎల్‌పీస్టాట్ హైఫన్ పీ. ప్రింటర్ ఖాళీగా ఉందా, పనిలో ఉందా, డిజేబుల్ అయిందా అన్నది ఇది చెబుతుంది. డిజేబుల్ అయితే ఎప్పటినుంచి అన్నదీ, కారణం తెలిస్తే కారణమూ ఉంటాయి.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. క్యూకి తలుపులు రెండు. తిరుమల క్యూ కాంప్లెక్స్ చూశారుగా. లోపల దర్శనం ఆపినా కంపార్ట్‌మెంట్లలోకి జనాన్ని రానిస్తూనే ఉండొచ్చు. లేదా లోపలివాళ్ళకు దర్శనం సాగుతుండగా బయట గేటు మూసేయొచ్చు. రెండూ వేరు పనులు. కప్స్‌డిజేబుల్ అంటే లోపలి తలుపు మూయడం: జాబులు చేరుతుంటాయి, కాగితం మాత్రం బయటికి రాదు. కప్స్‌రిజెక్ట్ అంటే బయటి గేటు మూయడం: ఉన్నవి ప్రింటవుతాయి, కొత్తవి తీసుకోదు. వీటిని తెరవడానికి కప్స్‌ఎనేబుల్, కప్స్‌యాక్సెప్ట్. నాలుగింటికీ వెనకాల ప్రింటర్ పేరు ఇవ్వాలి. గేటు సంగతి హైఫన్ పీలో కనిపించదు, ఎల్‌పీస్టాట్ హైఫన్ ఏ అని అడగాలి. ఎనేబుల్ చేశాను, అయినా జాబు తీసుకోవట్లేదు అనేవాళ్ళు ఈ రెండోది చూడరు.

కార్ట్రిడ్జ్ మార్చాలా? ఉత్త కప్స్‌డిజేబుల్ కొడితే జరుగుతున్న జాబు మధ్యలో తెగి, తర్వాత మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలవుతుంది. 60 పేజీల్లో 55 వచ్చాక ఆపితే ఆ 55 కాగితాలు దండగ. అందుకని ప్రింటర్ పేరుకు ముందు రెండు హైఫన్లు పెట్టి హోల్డ్ అని రాయండి. జరుగుతున్నది పూర్తయ్యాక మిగతావి ఆగుతాయి. పని అయ్యాక కప్స్‌ఎనేబుల్‌కి అలాగే రెండు హైఫన్లతో రిలీజ్ అని ఇవ్వండి.

ఇక మీ అసలు బాధ: శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, పీఎస్ అనే అక్షరాలతో మొదలై పేజీల కొద్దీ పిచ్చిగీతల్లాంటి ఇంగ్లిష్. అది పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష. ఆ భాష తెలియని ప్రింటర్‌కు తప్పు డ్రైవర్ (ఫైలును ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) దాన్ని పంపితే, బొమ్మగా గీయాల్సినదాన్ని అది అక్షరం అక్షరం అచ్చేస్తుంది. ముందు కాగితాల ట్రే లాగేయండి, నష్టం అక్కడికి ఆగుతుంది. తర్వాత కప్స్‌డిజేబుల్ ల్యాబ్. ఆపైన క్యాన్సిల్ ల్యాబ్-42. అప్పుడు ప్రింటర్ స్విచ్ ఆర్పి, పది సెకన్లు ఆగి వేయండి. ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే జాబులో కొంత అప్పటికే ప్రింటర్ మెమరీకి చేరి ఉంటుంది. క్యాన్సిల్ చేసి ఊరుకుంటే ఆ ముక్క పడుతుంది, ఆర్పి ఊరుకుంటే కంప్యూటర్ మళ్ళీ పంపుతుంది. రోలర్ల మధ్య కాగితం ఇరుక్కుంటే అది వెళ్ళే దిక్కుకే రెండు చేతులతో మెల్లగా లాగండి. లేజర్ ప్రింటర్‌లో పొడి సిరాను వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ చుర్రుమంటుంది, చల్లారనివ్వండి. ట్రే పెట్టి కప్స్‌ఎనేబుల్ ల్యాబ్.

మీ జాబు మీరే రద్దు చేసుకోవచ్చు. ఇంకొకరిది తీయాలన్నా, తలుపులు మూయాలన్నా అడ్మిన్ అనుమతి ఉండాలి, కమాండ్‌కు ముందు సుడో పెట్టాలి. సుడోతో క్యాన్సిల్ హైఫన్ ఏ అని, ప్రింటర్ పేరు రాయకుండా కొడితే అన్ని ప్రింటర్లలోని అన్ని జాబులూ పోతాయి. పక్క సెక్షన్‌వాళ్ళ హాల్ టికెట్లు కూడా.

ఒకరి పని అర్జెంటైతే మిగతావి చెరపక్కర్లేదు. ఎల్‌పీ హైఫన్ ఐ ల్యాబ్-45 హైఫన్ క్యూ 100. ప్రాధాన్యం 1 నుంచి 100 వరకు, ఏమీ చెప్పకపోతే 50. ఆపి ఉంచాలంటే హైఫన్ క్యూ 100 బదులు హైఫన్ పెద్ద హెచ్, ఖాళీ, హోల్డ్. వదలాలంటే హోల్డ్ బదులు రెజ్యూమ్. ప్రింటరే మూలపడితే ఎల్‌పీమూవ్ ల్యాబ్ ఆఫీస్ అంటే క్యూ మొత్తం ఆఫీస్ అనే రెండో ప్రింటర్‌కు మారుతుంది.

ఎనేబుల్ చేసిన నిమిషానికే మళ్ళీ డిజేబుల్ అవుతోందంటే తప్పు క్యూది కాదు. యూఎస్‌బీ వైరు చూడండి. నెట్‌వర్క్ ప్రింటరైతే ఎల్‌పీస్టాట్ హైఫన్ వీ కొట్టి, అందులోని ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా అంకెలు), ప్రింటర్ తెరమీద కనిపించేదీ ఒకటేనా పోల్చండి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ కొత్త అడ్రసు ఇచ్చి ఉండొచ్చు. రౌటర్‌లో ఆ ప్రింటర్‌కు ఒకే అడ్రసు ఖాయం చేయించండి. ఊరికే ఎనేబుల్ కొడుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.

తెలుగు పాఠాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా ఎల్‌పీకి ఇవ్వకండి. గళ్ళు పడతాయి, లేదా వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ముందు పీడీఎఫ్ చేస్తే ఫాంటు అందులోనే ఉంటుంది.

ఇంకొక్కటి. కప్స్‌లో మామూలు అమరిక ప్రకారం, ప్రింటైపోయిన జాబు ఫైలు కూడా 86400 సెకన్లు, అంటే ఒక రోజు, డిస్కులోనే ఉంటుంది. ఆలోగా ఎల్‌పీ హైఫన్ ఐ, జాబు పేరు, హైఫన్ పెద్ద హెచ్, రీస్టార్ట్ అంటే మళ్ళీ ప్రింటవుతుంది. పోయిన కాగితం తిరిగి తెచ్చుకోవడానికి బాగుంటుంది. ఆధార్ కార్డో మార్కుల జాబితానో ప్రింట్ తీసినప్పుడు మాత్రం క్యాన్సిల్‌కి హైఫన్ ఎక్స్ చేర్చి, ఆ జాబు పేరిచ్చి, లేచి రండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న