బిగ్ బ్యాంగ్ పాఠం చెప్పిన రోజు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. విశ్వం పుట్టుక పాఠం అయిన రోజు బెల్లు కొట్టాక కూడా ఒకరిద్దరు కదలరు. కిందటేడు ఒకమ్మాయి నోట్సులో ఆ నాలుగు పేజీలను స్టేప్లర్ పిన్నులతో మూసేసి తెచ్చింది. "పరీక్షలో రాస్తాను సార్. కానీ నమ్మితే పాపం కదా?" అంది. ఏదో వీడియోలో విందట. ఆ వీడియోలవాళ్ల మీద నాకు ఓపిక ఎప్పుడో పోయింది. ఆ పిల్ల మీద మాత్రం జాలేసింది.

అపోహ: సైన్సు కావాలంటే విశ్వాసం వదులుకోవాలి.

అసలు ఆ పాఠానికి పునాది వేసిందే ఒక కాథలిక్ ఫాదర్, జార్జ్ లెమైత్ర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే రాశాడు. 1979లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్నవాళ్లలో అబ్దుస్ సలాం నమాజు తప్పని మనిషి, స్టీవెన్ వైన్‌బర్గ్ దేవుణ్ణి నమ్మనివాడు. విద్యుదయస్కాంత బలం, బలహీన కేంద్రక బలం ఒకే బలానికి రెండు రూపాలన్న సిద్ధాంతానికి, ఎవరి దారిన వాళ్లు లెక్క కట్టి వచ్చారు.

అపోహ: ఇదంతా మన గ్రంథంలో ముందే ఉంది.

ఎక్కువమందిని ముంచేది ఇదే. వినడానికి విశ్వాసానికి బలంలా ఉంటుంది. ఇలాంటి ఫార్వర్డులు పోగేసుకున్న కుర్రాడొకడు నా దగ్గర చదివాడు. వాటిలో ఒకటి తప్పని తేలగానే ప్రార్థన మానేశాడు, క్లాసుకీ రావడం తగ్గించాడు. సైన్సు రేపు సవరించుకుంటుంది, అదే దాని పని. దానికి కట్టేసిన విశ్వాసం గతేమిటి? 1951లో పోప్ 12వ పయస్ బిగ్ బ్యాంగ్‌ను సృష్టికి సాక్ష్యంగా చెబితే లెమైత్ర్‌కే అది నచ్చలేదు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఇస్లాం పండితుడు గజాలీ, గ్రహణాల లెక్కలతో మతం పేరిట తగువు పడేవాడు మతానికే చెరుపు చేస్తాడన్నాడు.

మిగతావి గబగబా. గెలీలియోను కాల్చి చంపలేదు. 1633లో చర్చి విచారించి గృహనిర్బంధంలో పెట్టింది, అదీ అన్యాయమే. మధ్యయుగపు క్రైస్తవ పండితులు భూమి బల్లపరుపని నమ్మలేదు. జీవ పరిణామం మీద మాత్రం క్రైస్తవంలోనూ ఇస్లాంలోనూ ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఉందని చెప్పి పిల్లల్ని మభ్యపెట్టను.

ఆ అమ్మాయి పిన్నులు పీకేసింది. మొన్న రికార్డు మీద సంతకానికి వచ్చి, "సార్, లెమైత్ర్ లెక్కలు చేసుకుంటూ ప్రార్థన ఎప్పుడు చేసుకునేవాడు?" అని అడిగింది. నాకు తెలీదమ్మా అన్నాను.