ప్రెషర్ వెసల్ రెజిన్ సర్టిఫికెట్లు: అపోహలు – వాస్తవాలు

కాంపోజిట్ సిలిండర్లు (పోగులను రెజిన్‌తో చుట్టి చేసేవి), ఆర్వో ప్లాంట్లలో వాడే పొడవాటి ఎఫ్ఆర్‌పీ (ఫైబర్‌తో బలపరిచిన ప్లాస్టిక్) ప్రెషర్ వెసల్స్, అంటే ఒత్తిడిని తట్టుకునే పాత్రలు, తయారయ్యే చోట నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. ఫైబర్ గురించి అడిగితే అక్కడ ఎవరైనా గంటసేపు చెబుతారు. ఆ పోగులను కలిపి పట్టి ఉంచే రెజిన్ మాట వచ్చేసరికి "సర్టిఫికెట్ ఉంది కదా" అని ఊరుకుంటారు. ఆ ధోరణి నాకు నచ్చదు.

అపోహ: బలమంతా ఫైబర్‌దే, రెజిన్ జిగురు మాత్రమే.

లాగుడు బలం ఫైబర్‌దే, నిజం. కానీ ఒక పోగు మీది భారాన్ని పక్క పోగుకు అందించేది రెజిన్. విడిగా లైనర్ (లోపలి పొర) లేని వెసల్‌లో రెజిన్ సన్నగా చిట్లితే, ఒక్క పోగూ తెగకుండానే బయటి గోడ మీద చెమ్మ తేలుతుంది. అందుకే సీఎన్‌జీ సిలిండర్ల ప్రమాణం ఐఎస్ఓ 11439 రెజిన్‌కు విడిగా పరీక్ష పెట్టింది. నమూనా ముక్కను 24 గంటలు నీళ్లలో మరిగించాక కూడా షియర్ బలం (పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా ఆపే బలం) కనీసం 13.8 మెగాపాస్కల్స్ ఉండాలి. పొడిగా ఉన్నప్పుడు దాదాపు అన్ని రెజిన్లూ బాగానే కనిపిస్తాయి. పోగుకూ రెజిన్‌కూ మధ్య పట్టు ఎంతటిదో నీళ్లలో మరిగించాకే బయటపడుతుంది.

అపోహ: సరఫరాదారు సర్టిఫికెట్ ఫైల్లో ఉంటే చాలు.

ఉండాల్సిందే, అదీ ప్రతి సరుకుకూ విడిగా ఉండాలి. అయితే అందులో ఏముందో చదవండి: బ్యాచ్ నంబరు, స్నిగ్ధత (చిక్కదనం), సాంద్రత, ఎపాక్సీ ఈక్వివలెంట్ వెయిట్ (ఎపాక్సీ రకం రెజిన్‌లో ఒక మోల్ ఎపాక్సీ సమూహాలకు ఎన్ని గ్రాముల రెజిన్ ఉందో చెప్పే అంకె). ఇవన్నీ డ్రమ్ములోని ద్రవానికి సంబంధించినవి. వెసల్ గోడలో ఉండే గట్టి రెజిన్ మన షాపులో, మన తూకంతో, మన ఓవెన్‌లో తయారవుతుంది. దానికి బయటివాళ్లెవరూ పూచీ పడలేరు.

ఒక లెక్క చూడండి. ఈక్వివలెంట్ వెయిట్ 190 ఉన్న రెజిన్‌కు ఐసోఫోరోన్ డయమీన్ అనే హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచే రసాయనం) 100 భాగాల రెజిన్‌కు 22.4 భాగాలు పడుతుంది. అదే 200 అయితే 21.3 చాలు. సర్టిఫికెట్‌లో ఆ అంకె చూడకుండా గోడ మీద అంటించిన పాత నిష్పత్తితోనే కలిపితే కాగితం ఉండీ ఉపయోగం లేదు. బ్యాచ్ నంబరును డ్రమ్ము మీదిదానితో పోల్చాలి, ఇన్‌వాయిస్‌తో కాదు. మధ్యవర్తి వేరే డబ్బాల్లోకి ఒంపి పంపిన సరుకైతే సర్టిఫికెట్‌కూ సరుకుకూ ఉన్న లంకె అక్కడే తెగిపోతుంది; నేనైతే తీసుకోను.

అపోహ: గడ్డకట్టిన రెజిన్ పాడైనట్టే.

చలికాలంలో ద్రవ ఎపాక్సీ స్ఫటికాలు కట్టడం మామూలే. 50 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడిచేసి, పూర్తిగా కరిగాక కలిపితే మళ్లీ వాడుకోవచ్చు. అసలు భయపడాల్సింది వానాకాలంలో మూత సరిగా బిగించని ఆన్‌హైడ్రైడ్ (మరో రకం) హార్డెనర్‌కు. గాలిలోని తేమతో అది ఆమ్లంగా మారుతుంది, అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. దాని సర్టిఫికెట్ మాత్రం అప్పటికీ శుభ్రంగానే ఉంటుంది.

అపోహ: హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్ష) పాసైతే రెజిన్ కూడా పాసైనట్టే.

200 బార్ సిలిండర్‌ను 300 బార్ దగ్గర పరీక్షిస్తాం. ఆ కొద్ది నిమిషాల భారాన్ని, సగం ఉడికిన రెజిన్ ఉన్నా ఫైబర్ మోసేస్తుంది. తర్వాత వాడకంలో వేడి తగులుతుంది. వాహన సిలిండర్ల ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్110 ప్రకారం సిలిండర్ పదార్థం 82 డిగ్రీల దాకా తట్టుకోవాలి. క్యూరింగ్ (రెజిన్‌ను వేడితో గట్టిపరచడం) తక్కువై గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (గట్టి రెజిన్ మెత్తబడే ఉష్ణోగ్రత) 75 దగ్గర ఆగిపోతే ఆ వేడికి రెజిన్ మెత్తబడుతుంది. డేటాషీట్‌లోని ఈ ఉష్ణోగ్రత అంకె సరఫరాదారు ల్యాబ్‌లో, వాళ్ల క్యూరింగ్ పద్ధతిలో వచ్చింది. మన ఓవెన్‌లోంచి వచ్చిన ముక్కను డీఎస్‌సీ యంత్రంలో (వేడిచేస్తూ ఈ ఉష్ణోగ్రతను కొలిచేది) పెట్టి చూడాలి.

అపోహ: డేటాషీట్లు ఒకేలా ఉంటే రెజిన్ మార్చుకోవచ్చు.

అస్మే (అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్‌లో ఎఫ్ఆర్‌పీ వెసల్స్‌కు సంబంధించిన సెక్షన్ 10 కింద క్లాస్ 1 వెసల్‌కు నమూనాను 1,00,000 సార్లు ఒత్తిడికి గురిచేసి, ఆ తర్వాత డిజైన్ ఒత్తిడికి ఆరు రెట్ల దాకా తీసుకెళ్లి అర్హత తేలుస్తారు (ఫైబర్ తెగకుండా చుట్టిన కొన్ని వెసల్స్‌కు అయిదు రెట్లు). ఆ అర్హత ప్రొసీజర్‌లో నమోదైన రెజిన్‌కూ, హార్డెనర్‌కూ, క్యూరింగ్ పద్ధతికీ మాత్రమే వర్తిస్తుంది. మారిస్తే మళ్లీ పరీక్షలే. అందుకే కొనుగోలు విభాగం చవక రెజిన్ కొటేషన్ తెచ్చిన ప్రతిసారీ, ధర పక్కనే ఈ పరీక్షలకు పట్టే ఖర్చునూ సమయాన్నీ రాసి వెనక్కి పంపుతాను.