బానెట్ మీది బుల్‌డాగ్: మాక్ ట్రక్కుల చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు వాస్తవాలు

పెన్సిల్వేనియాలో హెవీ ట్రక్కుల సర్వీసింగ్ నా వృత్తి. షెడ్డుకు వేరే కంపెనీ బండి వస్తే రిపేరు గురించే మాట్లాడుకుంటాం. బానెట్ మీద బుల్‌డాగ్ బొమ్మ ఉండే అమెరికన్ ట్రక్కు మాక్ వస్తే మాత్రం ఎవరో ఒకరు పాత కథ ఎత్తుకుంటారు. అందులో సగం నిజం, సగం ఊహ. ఈ బ్రాండ్ అంటే నాకు గౌరవం ఎక్కువ కాబట్టి తరచూ వినిపించే నాలుగైదు మాటల సంగతి ఇక్కడ తేల్చాలనుకుంటున్నాను.

"మాక్ మొదటి నుంచీ ట్రక్కుల కంపెనీయే"

కాదు. జాక్ మాక్, ఆయన తమ్ముడు గస్ 1893లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో గుర్రపు బళ్లు తయారుచేసే కార్ఖానా కొన్నారు. 1900లో వాళ్లు చేసిన మొదటి మోటారు వాహనం ఒక బస్సు. బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కు చూడటానికి వచ్చేవాళ్లను తిప్పడానికి దాన్ని వాడారు. 1905లో కంపెనీ పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు మారింది. 1911లో సారర్ ట్రక్కుల కంపెనీతో కలిసి ఇంటర్నేషనల్ మోటార్ కంపెనీ అయింది. ఆ తర్వాత ఎంతోకాలం కాకముందే జాక్ బయటికి వెళ్లిపోయారు. 'ఇంటర్నేషనల్' అన్న పేరు చూసి ఇప్పటికీ కొందరు మాక్, ట్రాక్టర్లు, ట్రక్కులు చేసిన వేరే కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఒకటే అనుకుంటారు. అప్పటి కొనుగోలుదారులకూ ఇదే గందరగోళం ఉండేది. అందుకే 1922లో పేరును మాక్ ట్రక్స్‌గా మార్చారు.

"బుల్‌డాగ్ అనేది ప్రకటనల వాళ్ల ఆలోచన"

ఇది చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ కుక్క ఇంజనీరింగ్‌లోంచి పుట్టింది. 1916లో వచ్చిన ఏసీ మోడల్ ఫోటో ఒకసారి చూడండి. బండి ముందు రేడియేటర్ కనిపించదు. ఇంజన్ వెనక, డ్రైవర్ కాళ్ల ముందు భాగంలో దాన్ని పెట్టారు. బండి ముందు దేన్నైనా గుద్దుకున్నా రేడియేటర్ పగలదు. అలా పెట్టడంతో బానెట్ ముందుకు వాలి, ముక్కు అణిగినట్టు మొండిగా తయారైంది. ఇక చక్రాలు తిప్పేది గొలుసులే: గేరుబాక్సు దగ్గర అడ్డంగా ఒక షాఫ్టు, దాని రెండు చివరల నుంచి వెనక చక్రాలకు రెండు గొలుసులు. మిగతా కంపెనీలు గొలుసులు వదిలేస్తున్న రోజుల్లో కూడా మాక్ వాటిని వదల్లేదు. బురదలో, రాళ్లలో పనిచేసే బండికి అవే నమ్మకమని దాని లెక్క.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా, బ్రిటన్ సైన్యాలు వేల సంఖ్యలో ఏసీ ట్రక్కులు తీసుకున్నాయి. ఆ ముఖాన్నీ, బురదలోంచి ఈడ్చుకొచ్చే మొండితనాన్నీ చూసి బుల్‌డాగ్ అని పేరు పెట్టింది బ్రిటిష్ వాళ్లు. ఎవరు ముందన్నారన్నది ఒక్కో చోట ఒక్కో రకంగా చెబుతారు గానీ, కంపెనీ ఆ పేరును తీసుకుని తన గుర్తుగా చేసుకున్నది యుద్ధం ముగిశాకే. ఏసీ మోడల్ 1930ల చివరి దాకా 40,000కు పైగా తయారైంది.

బానెట్ మీద కూర్చునే బొమ్మ ఇంకా తర్వాత వచ్చింది. 1932లో చీఫ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ మసూరీ ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్నప్పుడు దాన్ని స్వయంగా చెక్కారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో న్యూజెర్సీ తీరం దగ్గర అక్రాన్ అనే అమెరికా నౌకాదళ ఎయిర్‌షిప్ (గ్యాసుతో గాలిలో తేలే భారీ వాహనం) కూలిపోయినప్పుడు చనిపోయినవాళ్లలో ఆయన ఒకరు. ఆ బొమ్మను డిజైన్ విభాగం తయారుచేసిన లోగో అని తేలిగ్గా తీసేస్తే నాకు బాధ కలుగుతుంది.

"గేర్లు ఎన్ని ఎక్కువైతే ట్రక్కు అంత గొప్ప"

డ్రైవర్లలో గట్టిగా పాతుకుపోయిన అభిప్రాయమిది. పాత డీజిల్ ఇంజన్లలో పనికొచ్చే వేగం కొన్ని వందల ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మేరకే ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎమ్ కాస్త పడిపోతే చాలు, బలం చచ్చిపోయేది. అందుకే పది, పదమూడు, పదిహేను గేర్లు పెట్టి ఇంజన్‌ను ఆ ఇరుకు పరిధిలోనే నడిపేవాళ్లు. ఎక్కువ గేర్లు ఆ ఇంజన్ల అవసరం, అంతే.

1960ల నడిమిలో వాల్టర్ మే ఆధ్వర్యంలో మాక్ ఇంజనీర్లు ఈ లెక్కను తలకిందులు చేశారు. వాళ్లు తెచ్చిన మ్యాక్సిడైన్ 237 హార్స్‌పవర్ ఇంజన్. 2100 నుంచి 1200 ఆర్‌పీఎమ్‌కు పడేదాకా టార్క్ (తిప్పే బలం) పెరుగుతూ పోతుంది. కొండ ఎక్కుతుంటే వేగం తగ్గుతుంది, లాగే బలం మాత్రం పెరుగుతుంది. కాబట్టి ఐదు గేర్లు సరిపోయాయి. ఆ రోజుల్లో పెద్ద లోడు బండికి ఐదు గేర్లంటే నమ్మినవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో మాక్ చేసిన అన్నింటిలోకీ పెద్ద పని ఇదే. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిన డ్రైవర్లకు దాని విలువ బాగా తెలుసు.

"బంగారు రంగు బుల్‌డాగ్ ఉంటే ఖరీదైన మోడల్"

ధరతో సంబంధం లేదు. ఇంజన్, గేరుబాక్సు, యాక్సిళ్లు అన్నీ మాక్‌వే అయితే బంగారు రంగు. వాటిలో ఏదైనా బయటి కంపెనీదైతే క్రోమ్ రంగు. రిపేరు చేసేవాడికి ఇది పనికొచ్చే సమాచారం. ఉదాహరణకు మాక్ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ క్యారియర్‌ను (ఇంజన్ బలాన్ని చక్రాలకు పంచే గేర్ల భాగాన్ని) పైనుంచి బిగిస్తారు. దాంతో రెండు వెనక యాక్సిళ్ల మధ్య షాఫ్టు దాదాపు తిన్నగా ఉంటుంది, జాయింట్లు తొందరగా అరగవు. విప్పేటప్పుడు మాత్రం పద్ధతి వేరు, సామాను వేరు.

"వోల్వో కొన్నాక మాక్ అమెరికన్ కాదు"

యాజమాన్యం స్వీడన్‌దే, అందులో సందేహం లేదు. 1990లో ఫ్రాన్స్‌కు చెందిన రెనో మాక్‌ను పూర్తిగా తీసుకుంది, 2001లో వోల్వో గ్రూప్ చేతికి వచ్చింది. ఇది వోల్వో కార్ల కంపెనీ కాదు. కార్లు వేరు, వాటి యజమాని చైనాకు చెందిన గీలీ. హైదరాబాద్–బెంగళూరు రూట్లో మనవాళ్లు ఎక్కే వోల్వో బస్సులు మాత్రం ఈ ట్రక్కుల గ్రూప్‌వే. 2009లో మాక్ ప్రధాన కార్యాలయం అలెన్‌టౌన్ వదిలి నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోకు వెళ్లింది. పెద్ద ట్రక్కులు మాత్రం అలెన్‌టౌన్ పక్కనే ఉన్న మకంజీలో, ఇంజన్లు మేరీల్యాండ్‌లోని హేగర్స్‌టౌన్‌లో తయారవుతూ వచ్చాయి.

మాక్ ఎంపీ8 ఇంజన్ వోల్వో డీ13 ఇంజన్ కుటుంబానిదే, మాక్ ఎండ్రైవ్ గేరుబాక్సుకు మూలం వోల్వో ఐ-షిఫ్ట్ గేరుబాక్సు. కాబట్టి ఇప్పటి బంగారు కుక్క అసలుది కాదని పాతతరం మెకానిక్‌లు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఇంజన్, గేరుబాక్సు, యాక్సిల్ ఒకదానికొకటి కుదిరేలా ఒకేచోట లెక్కగట్టి చేయడమే ఆ రంగు చెప్పే మాట, అది ఇంకా ఉంది.

సెకండ్ హ్యాండ్ మాక్ కొనేవాళ్లకు ఒక మాట. బంగారు కుక్క విడిగా కొనుక్కోవచ్చు, పది నిమిషాల్లో మార్చేయొచ్చు. అది చూసి ధర ఒప్పుకోకండి. ఇంజన్ మీది ప్లేటు, గేరుబాక్సు ట్యాగు, యాక్సిల్ ట్యాగు మూడూ చదవండి, బండి వీఐఎన్ (గుర్తింపు) నంబరుతో డీలరు దగ్గర సరిచూసుకోండి. బాగా పాత బండైతే అలెన్‌టౌన్‌లోని మాక్ మ్యూజియం వాళ్లను అడగండి. సీరియల్ నంబరు ఇస్తే ఫ్యాక్టరీలో దానికి ఏ ఇంజన్, ఏ యాక్సిల్ బిగించారో పాత రికార్డుల్లో వెతికి పెడతారు.